కామాలతో సహా అప్పజెప్పు

మా స్కూలు వార్షికోత్సవ సంచికలో పోయినసారి నా గురించి ఒక పేజీ వేశారు. ఇంగ్లీషులో కామా ఎక్కడ పెట్టాలో రేపల్లె పిల్లలకు అర్థమయ్యేలా నేర్పిన మాస్టారినట. ఏదీ బట్టీ పట్టించని మాస్టారినట. చదివితే ఒళ్ళు మండిపోయింది. రాసింది పాత విద్యార్థులు, నామీద ప్రేమతోనే రాశారు. అయినా అది అబద్ధం. ఈసారి సంచికకు నన్నే నాలుగు మాటలు రాయమన్నారు కాబట్టి, ఆ పేజీని నా చేత్తోనే కొట్టేస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను తెనాలిలో ఒక ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పదో తరగతి తప్పినవాళ్ళు కొలకలూరు నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వచ్చేవాళ్ళు. అక్కడి పద్ధతి ఒకటే. గైడులోని వ్యాసం బోర్డు మీద రాయాలి, పిల్లల చేత వల్లె వేయించాలి. ఆ వల్లెలో కామాను కూడా నోటితో పలకాలి. "లాస్ట్ సమ్మర్ కామా ఐ వెంట్ టు హైదరాబాద్ విత్ మై ఫాదర్ కామా మదర్ అండ్ సిస్టర్ ఫుల్‌స్టాప్." నలభై గొంతులు ఒక్కసారిగా "కామా" అంటే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. గైడులో తప్పుగా పడ్డ కామా ఉంటే అదీ పలికేవాళ్ళు. కామా ఎందుకో ఒకసారి చెబుదామండీ అని ట్యుటోరియల్ యజమానితో అన్నాను.

"వాళ్ళకి ఎందుకో అక్కర్లేదు మాస్టారూ, ఎక్కడో తెలిస్తే చాలు" అన్నాడాయన.

నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీదే నాకు ఎక్కువ కోపం. చెప్పాల్సింది కొండంత ఏం కాదు. నాలుగు వస్తువులు వరసగా చెబితే వాటి మధ్య కామా. ఎవరినైనా పిలిచి మాట్లాడితే ఆ పిలుపు దగ్గర కామా. మాట మధ్యలో అదనంగా ఇంకో సంగతి చెబితే దానికి అటొకటి, ఇటొకటి. కర్తనీ క్రియనీ ఊరికే విడదీయకూడదు. వారం రోజుల పని. ఆ వారం నాకు ఏళ్ళ తరబడి దొరకలేదు.

తర్వాత రేపల్లెలో ఉద్యోగం వచ్చింది. వల్లెను నాతోపాటే మోసుకెళ్ళాను. వ్యాసం చదివామని ఎవరన్నా అంటే, లేచి కామాలతో సహా అప్పజెప్పాలి. చెబితే చదివినట్టు, చెప్పకపోతే అబద్ధమాడినట్టు. నా క్లాసులో అదే చట్టం.

ఒక ఏడాది మా స్కూల్లో తొమ్మిదో తరగతికి కొత్తగా ఇంగ్లీషు మీడియం సెక్షన్ పెట్టారు. ముప్పై సీట్లు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, వచ్చిన మార్కుల్ని బట్టి తీసుకోవాలి. పేపర్లు దిద్దేది నేను. వ్యాసం 'ఒక రైలు ప్రయాణం'. తొంభై మంది రాస్తే దాదాపు అందరూ అమ్మానాన్నలతో హైదరాబాదే వెళ్ళారు. అందరికీ ఒకే కిటికీ, ఒకే పచ్చని పొలాలు. ఒక్క పిల్ల మాత్రం రేపల్లె నుంచి తెనాలికి పాసింజర్లో వెళ్ళింది.

ఆ పిల్ల తండ్రి వ్యవసాయ కూలీ, లూథరన్ చర్చి సంఘంలో మనిషి. ట్యూషన్‌కి పంపే స్తోమత లేదు. వ్యాసంలో ఒక వాక్యం నాకు ఇప్పటికీ నోటికొచ్చు. మా అమ్మ, అంతకుముందెప్పుడూ రైలెక్కని మనిషి, కిటికీ ఊచ పట్టుకుని, కళ్ళు మూసుకుని, తెనాలి వచ్చేదాకా తెరవలేదు అని. ఇంగ్లీషులో ఆ రైలెక్కని సంగతికి అటొక కామా, ఇటొక కామా, సరిగ్గా పడ్డాయి. అంత చక్కగా నా చేత్తో నేను కూడా పెట్టి ఉండను.

సంతోషించాల్సినవాణ్ణి. నాకు అనుమానం వచ్చింది. ఉన్నమాటే చెబుతున్నాను, అదే వాక్యం రైసుమిల్లు వాళ్ళబ్బాయి రాసి ఉంటే భుజం తట్టి ఉండేవాణ్ణి. కూలివాడి కూతురికి ఆ కామాలు ఎక్కడివి అనుకున్నాను.

మర్నాడు, శుక్రవారం, క్లాసులో నిలబెట్టాను.

"ఎక్కడ చూసి రాశావు?"

"నేనే రాశానండి."

"అయితే అప్పజెప్పు. కామాలతో సహా."

ఆ పిల్ల చెప్పింది. కానీ రాసిన మాటలు రాసినట్టు రాలేదు. ఒకచోట అమ్మ కళ్ళు ముందు మూసుకుంది, ఊచ తర్వాత పట్టుకుంది. "కామా" అని ఒక్కసారీ అనలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"కామాలేవమ్మా? దార్లో మింగేశావా?" అన్నాను. క్లాసంతా నవ్వింది.

"నేను బట్టీ పట్టలేదండి. అప్పటికప్పుడు రాశాను."

"బట్టీ పట్టకుండా ఎలా వస్తుంది?" అన్నాను. ఒక ఇంగ్లీషు మాస్టారు ఆ మాటన్నాడు! ఎర్ర సిరాతో పేపరు మీద అడ్డంగా 'కాపీ' అని రాసి, వ్యాసానికి సున్నా వేశాను. సొంతంగా రాసింది కాబట్టే ఆ పిల్ల అప్పజెప్పలేకపోయింది. దాన్నే దొంగతనానికి రుజువుగా చేశాను.

శనివారం ఆ పిల్ల తండ్రి స్కూలు వరండాలోకి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. తెల్లచొక్కా తొడుక్కొచ్చాడు.

"అయ్యా, ఆ రైలెక్కింది మేమేనండి. మావాళ్ళ పెళ్ళికి తెనాలి ఎల్లామండి. మా ఇంటిది కళ్ళు మూసుకున్న మాట నిజమేనండి. కావాలంటే పిలుచుకొస్తాను, అడగండి."

నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. "చూద్దాంలే, వెళ్ళు" అన్నాను.

చూశాను కూడా. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే తెనాలి వెళ్ళి, తెలిసిన పుస్తకాల షాపులన్నీ తిరిగాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గైడులు దొరికినవన్నీ తిరగేశాను. ఏ గైడులోనూ రేపల్లె పాసింజరు లేదు. కళ్ళు మూసుకున్న అమ్మ లేదు. పరీక్ష రోజు ఆ గదిలో కాపలా ఉన్నది నేనే. ఆ పిల్ల మొదటి బెంచీలో నా ముందే కూర్చుని రాసింది. తొంభై పేపర్లలో ఇంకెవరూ రాయనిదాన్ని ఎవరిది చూసి రాస్తుంది? అదే పాసింజర్లో తిరిగొస్తున్నప్పుడు నాకు అంతా తెలుసు.

సోమవారం ఉదయం జాబితా నోటీసు బోర్డెక్కాలి. ఒక్క గీత గీసి మార్కులు మారిస్తే సరిపోయేది. కానీ క్లాసులో నవ్వినవాళ్ళ ముందు, నాదే తప్పని చెప్పాల్సి వచ్చేది. చెప్పలేదు. ముప్పై పేర్లు పెట్టారు, ఆ పిల్ల పేరు లేదు. పొరపాటు పడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. పొరపాటు శుక్రవారం నాటిది. సోమవారం చేసింది పొరపాటు కాదు.

తొమ్మిదిలో తెలుగు మీడియంలోనే ఉండిపోయింది. అక్కడా ఇంగ్లీషు నేనే చెప్పేవాణ్ణి. ఒకరోజు వ్యాసం అప్పజెప్పమంటే లేచి నిలబడి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా గైడులోది చెప్పింది. ప్రతి కామా పలికింది. నా కళ్ళలోకి చూస్తూ పలికింది. ఆ తర్వాత ఆ పిల్ల సొంతంగా రాసిన వాక్యం నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఏడే వల్లె మానేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అర్థం చెప్పి కామాలు నేర్పడం మొదలుపెట్టాను. అలా వచ్చింది నాకు ఆ పేరు.

తొంభైల్లో ఒక వేసవి, బాపట్లలో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ తరగతులు పెట్టారు. కామాల గురించి చెప్పడానికి నన్ను పిలిచారు. బట్టీ పట్టించొద్దని గంటసేపు గొంతు చించుకున్నాను. చివరి వరసలోంచి ఒకావిడ లేచింది. కర్లపాలెం దగ్గర ఏదో స్కూల్లో టీచరట. చూడగానే పోల్చుకున్నాను.

"మా పిల్లల చేత నేను బట్టీ పట్టిస్తానండి. కామాలతో సహా."

"ఎందుకమ్మా?" అన్నాను.

"రేపెవరన్నా లేపి నిలబెట్టి అప్పజెప్పమంటే చెప్పగలగాలి కదండీ."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

టీ దగ్గర ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ కామాలు ఎలా నేర్చుకున్నావని అప్పుడడిగాను, అన్నేళ్ళ తర్వాత. ఆదివారం ప్రార్థనలో బైబిలు పాఠం చదివేది వాళ్ళ నాన్నేనట. ఇంటి దగ్గర ముందు కూతురికి చదివి వినిపించి, ఎక్కడ ఆగాలో చూసుకునేవాడట. "వినేవాడికి ఎవరి సంగతి చెబుతున్నామో తెలియకపోతే మళ్ళీ మొదట్నించీ చదివేవాడండి. మీ పాఠాల్లో కామాలు చూసి, ఇవీ అందుకేననుకున్నాను" అంది. నేను మొత్తం చెప్పాను. గైడులు వెతికిన ఆదివారం కూడా చెప్పాను. క్షమించమన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "తెలిసి కూడానా సార్?" అంది. "అన్నది అందరి ముందు కదండీ. ఇది మాత్రం గోడ పక్కన చెబుతున్నారేంటి? అందరి ముందే చెప్పండి" అంది.

బెల్లు కొట్టారు. గదిలోకి వెళ్ళి సుద్దముక్క తీసుకుని, మిగిలిన పాఠం చెప్పేశాను. నలభై మంది టీచర్ల ముందు రెండోసారి ఊరుకున్నాను. చివరి వరసలో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

ఈ సంచిక ఆ రోజు క్లాసులో నవ్వినవాళ్ళందరి ఇళ్ళకూ వెళ్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రైలు వ్యాసం ఆ అమ్మాయి సొంతం. ఎవరిదీ చూసి రాయలేదు. ముప్పై పేర్లలో మొదటి పేరు ఆమెదే కావాలి. ఆ సంగతి జాబితా అంటించకముందే నాకు తెలుసు.