చప్పుడు లేని బండి

రాయ్‌పూర్‌లోని టాటీబంధ్ కూడలిలో సిగ్నల్ పడగానే పాత లారీ ఒకటి నల్లటి పొగ వదిలింది. డీజిల్ వాసన ముక్కుకు తగలగానే నాకు సూర్యారావు గారు గుర్తొచ్చారు. ఆ వాసన మధ్యే బతుకంతా గడిపి, అది ఈ ఊరి నుంచి ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసిన మనిషి ఆయన. కూడలికి కాస్త అవతలే ఆయన షెడ్డు. డీజిల్ ఆటోలు, చిన్న ట్రాలీలు బాగుచేసేవారు. నేను స్పేర్ పార్టుల కౌంటరు చూసేదాన్ని. రైల్వేలో పనిచేసే మా నాన్నా, ఆయనా విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే కాబట్టి ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని.

రాయ్‌పూర్ వీధుల్లో బ్యాటరీ రిక్షాలు అప్పుడప్పుడే కనబడుతున్న రోజులవి. అందరూ వాటిని బొమ్మ బండ్లని నవ్వేవారు. ఆయన మాత్రం దారిలో ఒకటి కనబడితే ఆపించి, సీటు ఎత్తి చూసేదాకా కదిలేవారు కాదు. "రైలుకి బొగ్గు పోయి డీజిలొచ్చింది, డీజిలు పోయి కరెంటొచ్చింది. రోడ్డుకి మాత్రం రాదేటి?" అనేవారు. టీకి ఆగిన డ్రైవర్లకూ ఇదే పాఠం. ఆ కరెంటు కూడా బొగ్గుతో పుట్టేదే కదా అని మా నాన్న ఒకసారి వాదనకు దిగితే మాత్రం ఒప్పుకున్నారు. "నిజమే. అయినా పొగ ఒక్క చోటుంటే పట్టుకోవచ్చు. వీధి వీధికీ ఉంటే ఎలాగ పట్టుకుంటాం?" అన్నారు.

ఆ మాటలు వింటుంటే నాకు ముచ్చట కంటే దిగులే ఎక్కువ. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "బాబాయ్ గారూ, అన్నీ ఆ బండ్లే అయితే మన సామాను ఎవరు కొంటారు?"

ఆయన లేచి వచ్చి ఆయిల్ ఫిల్టర్లు, పిస్టన్ రింగులు, నాజిళ్లు అరల్లోంచి తీసి కౌంటరు మీద పెట్టారు. "ఇది అక్కర్లేదు. ఇదీ అక్కర్లేదు." చివరికి అరల్లో బ్రేక్ షూలు, బేరింగులు, బల్బులే మిగిలాయి. ఇద్దరం ఆ ఖాళీ అరల వంక చూశాం. ఆయన నవ్వేస్తారనుకున్నాను, నవ్వలేదు. నా జీతం, మెకానిక్కుల ఇళ్లు, అన్నీ ఏమైపోతాయోనని ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కొన్నాళ్లకు ఆయనే ఒక ఎలక్ట్రిక్ ఆటో కొని షెడ్డుకు తెచ్చారు. మా షెడ్డులో బండి ఆగిందో లేదో చెప్పేది చెవే. ఇంజిను మోత ఆగితే బండి ఆగినట్టే, తాళం వంక చూసేవాళ్లు లేరు. ఆయనా అదే అలవాటున కిందికి దిగి, పక్కన నిలబడి, బండిని కాస్త ముందుకు నెడదామని హ్యాండిల్ పట్టుకున్నారు. మోత లేదు గానీ కరెంటు ఉంది. చేతి కింద ఆక్సిలరేటరు తిరిగి ఆటో ఒక్క దూకు దూకింది. వెనక చక్రం ఆయన పాదం మీదుగా పోయింది.

"ఈ బండి వాపస్ ఇచ్చెయ్యండి సేఠ్, మేం ముట్టుకోం" అన్నారు మెకానిక్కులు. సరిగ్గా ఆ వారమే శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. ఆ మాట చెబుదామని మోవాలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నారు.

"ఎల్లు తల్లీ, వదులుకోకు" అన్నారు. కట్టు సర్దుకుంటూ, "అందరికీ పాఠాలు చెప్పేను గానీ నాకూ బెంగగానే ఉందమ్మా. డీజిలింజినైతే మోత ఇని రోగం చెప్పీవోణ్ణి. దీనికి చెవొగ్గి ఏటి ఇంటాను?" అన్నారు. ఆయన నోట బెంగ అనే మాట వినడం నాకు అదే మొదలు.

"ఎల్లీముందర ఒక్క సాయం చెయ్యి. నాను కుర్చీలో కూకుంటాను, నువ్వు దాన్ని ఇప్పు."

"నాకేం తెలుసు బాబాయ్ గారూ?"

"నాకూ తెలీదు. ఇద్దరం కలిసి సూద్దాం."

మర్నాడు మోటారుకు కరెంటు అందించే పెట్టె మూత నా చేతులతో తెరిచాను. ఆయన కుర్చీలోంచి వంగి వంగి చూస్తూ, ఏ తీగ ఎటు వెళ్తోందో నన్నే అడిగేవారు. ఆ వారమంతా మా పని అదే. శంకర్ నగర్ ఉద్యోగంలో నేను చేరలేదు. ధైర్యం వచ్చి కాదు, అంత బెంగలో ఉన్న మనిషిని ఆ బండి ముందు ఒంటరిగా వదలలేకపోయాను.

ఇప్పుడు ఆయన లేరు. షెడ్డు నేను నడుపుతున్నాను, వచ్చే వాటిలో ఎక్కువ బ్యాటరీ బండ్లే. ఈ మధ్య కంపెనీవాళ్లు బ్యాటరీ పెట్టెలకు సీళ్లు వేసి పంపుతున్నారు, పాడైతే కొత్తది వెయ్యమంటున్నారు. రేపు మా చేతికి ఏం పని మిగులుతుందో నాకు తెలియదు. కాలు నయమై వచ్చాక ఆయన పెట్టిన నియమం మాత్రం నడుస్తోంది. బండి నుంచి తాళంచెవి బయటికి తీసినవాళ్లు దాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని "బంద్" అని పైకి అనాలి, ఆ తర్వాతే బండి మీద చెయ్యి వెయ్యాలి. ఈ ఉదయం కూడా ఒక కొత్త రకం బండి వచ్చింది. తాళంచెవి ఎత్తి పట్టుకుని బంద్ అన్నాను. నాకూ బెంగగానే ఉందని అందరికీ తెలుసు. స్క్రూడ్రైవర్ తీసుకుని పని మొదలుపెట్టాను.