గంజాయి బిల్లు కోసం పొరుగువాడి పాకం కాచిన యూనిస్

మా ఈస్ట్ హార్లోలో యూనిస్ పెల్కీ చేయని పని లేదు. వరదకు కొట్టుకుపోయిన వంతెనను పట్టుబట్టి మళ్లీ కట్టించింది. మంచు తుపానులో పాల లారీ నడిపింది. చర్చి విందులో ఆమె చేసే ‘ఆపిల్ పై’ అనే పండ్ల రొట్టె కోసం పక్క ఊళ్లవాళ్లు కూడా దిగేవారు. అయినా, మా వెర్మాంట్ రాష్ట్ర శాసనసభలో గంజాయి చట్టం మార్పించడానికి ఆమె పడ్డ పాట్ల ముందు అవన్నీ దిగదుడుపే.

ఆమె మొగుడు ఓర్విల్‌కి నరాల జబ్బు. కాళ్లు కొయ్యబారి, కండరాలు మెలిపెట్టేవి. ఏ మందుకూ లొంగని నొప్పి గంజాయి పొగకు తగ్గేది. దొరికితే మాత్రం జైలే. ఊరి సభలో, భోజనాలకు ముందు, యూనిస్ అందరి ఎదుటా లేచి నిలబడింది.

"ఓర్విల్‌కి గంజాయి ఇచ్చేది నేనే. పట్టుకునేవాళ్లు భోజనాలయ్యాక పట్టుకోండి, ఆపిల్ పైలు ఇంకా కోయలేదు."

ఊరంతా నవ్వింది. మా తరఫున శాసనసభలో కూర్చునే లైమన్ కాబ్ మాత్రం నవ్వలేదు. ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసినవాడు మరి.

చలికాలమంతా ఆమె రాజధానికి తిరిగింది. ఇరుకు కమిటీ గదిలో సభ్యుల మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చుని ఓర్విల్ గోడు చెప్పింది. డాక్టరు ఒప్పుకుంటే రోగులు వాడుకోవచ్చన్నది బిల్లు. సభ్యులు సగం అటు, సగం ఇటు. తేల్చేది లైమన్ ఓటు. ఆఖరి రోజు ఓటుకి అతను రాకపోతే బిల్లు చచ్చినట్టే.

సరిగ్గా ఆ రోజే మేపుల్ చెట్ల నుంచి తీపి నీరు పొంగుకొచ్చింది. పాడవకముందే దాన్ని కాచి పాకం తీయాలి. లైమన్ తన పాకం కొట్టంలో పొయ్యి రాజేసి కూర్చున్నాడు. పొయ్యి మీద పాకం ఉండగా మావాళ్లెవరూ కదలరు. పెళ్లాం కాన్పయినా సరే, మరొకణ్ని కూర్చోబెట్టాకే లేస్తారు.

యూనిస్ ఓర్విల్‌ని చక్రాల కుర్చీతో సహా తీసుకుని అక్కడ దిగింది.

"లే, లైమన్. పెనం నేను చూసుకుంటా. నువ్వెళ్లి ఓటెయ్యి."

"వద్దనే వేస్తే?"

"వేసి రా. ఇక్కడ దాక్కోకు."

"దాక్కోవడమేంటే? నీరు పాడైపోదూ!"

"నీకంటే నేనే పాకం బాగా తీస్తానని నీ పెళ్లాన్నడుగు, చెబుతుంది."

"వెళ్లరా బాబూ," అన్నాడు ఓర్విల్. "నువ్వు కదిలితే తప్ప ఇది నోరు ముయ్యదు."

అంటూనే మెలితిరిగిపోయాడు. లైమన్ రెండు చేతులతో ఆ కాళ్లను అదిమాడు, ఆగలేదు.

"ఆ మందు తేలేదా?"

"నీ కొట్టానికా? ఓటేసేవాడి ఇంట్లోనే గంజాయి అని రేపు నిన్నెవరైనా వేలెత్తి చూపిస్తే?" అంది యూనిస్.

లైమన్ కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఓర్విల్ నొప్పి ఆ పూట ఓ పట్టాన వదల్లేదు. అతని కాళ్లు పట్టుకుని కూర్చున్న యూనిస్ పొయ్యి సంగతే మరిచింది. పెనంలో నీరు ఇగిరిపోయి, అడుగు బొగ్గయింది. పాకం తీసేవాళ్లకు అంతకు మించిన తలవంపు లేదు.

సాయంత్రం లైమన్ మాడు వాసన పీల్చుకుంటూ వచ్చాడు. ఆమె గుమ్మంలోనే చెప్పేసింది.

"పెనం మాడ్చేశాను. తప్పు నాదే. మా పెనం తెచ్చి బిగిస్తా."

లైమన్ ఆ నల్లటి పెనాన్ని గోటితో గీకి చూశాడు.

"బిల్లుకి సరేనన్నాను," అన్నాడు. "ఈ పెనం ముందే చూసుంటే వద్దనే వేసేవాణ్ని."

ఎవరి ముందూ కన్నీరు పెట్టని యూనిస్ కట్టెల మోపు మీద కూలబడి ఏడ్చింది. ఆ బిల్లు సభ దాటి చట్టమయింది. ఓర్విల్ పట్టపగలు అరుగు మీద కూర్చుని పొగ తాగుతుంటే, దారిన పోయే లైమన్ టోపీ ఎత్తి పలకరించేవాడు.