తీగ తెగిన బల్బు

దయ్యం ఉందని ఎవరైనా అంటే, ముందు ఆ ఇంటి వైరింగ్ చూద్దాం పదండి అనే రకం నేను. ఇరవై ఏళ్లుగా మణుగూరులో వెల్డింగ్ మెషిన్లు బాగుచేస్తున్నాను. ప్రతి లోపానికీ ఒక కారణం ఉంటుంది. అది దొరికేదాకా కుర్చీలోంచి లేవను. ఇంట్లోవాళ్లు నన్ను తిట్టుకునేది కూడా అందుకే.

వానాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున వెంకన్న ఫోన్ చేశాడు. అతను వెల్డర్. అడవి అంచున ఒక గూడెంలో నీళ్ల ట్యాంకు స్టాండుకు కాలు విరిగితే అతికించడానికి వెళ్లాడు. పని సగంలో ఉండగా మెషిన్ ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ చేసి నాలుగు రోజులైంది, ఊరంతా వాగు నీళ్లే తాగుతున్నారు. అప్పటికే ఇద్దరు పిల్లలను వాంతులతో దవాఖానాకు తీసుకెళ్లారట.

"వాగు పెరుగుతాంది అన్నా, మెషిన్‌ను నీ దగ్గరికి తెచ్చుడు కాదు. నువ్వే జల్దీ రావాలె," అన్నాడు.

అతను చెప్పిన గుర్తులను బట్టి లోపలి కంట్రోల్ బోర్డు పోయిందని అనుకున్నాను. కొత్త బోర్డు సంచిలో వేసుకుని బయలుదేరాను. వాగును నడుంలోతు నీళ్లలో దాటాను. ఒకచోట కాలు జారి సంచి బండకు తగిలింది. గట్టెక్కగానే బోర్డు తీసి చూసుకున్నాను, బాగానే ఉంది. మిగతా సామాను చూడలేదు.

నేను చేరేసరికి వెంకన్న జనరేటర్ నడిపి, మెషిన్‌ను ఆన్ చేస్తూ ఆఫ్ చేస్తూ విసిగిపోయి ఉన్నాడు. జనరేటర్ ఆపించాను. మెషిన్ ప్లగ్గు పీకి నా నడుముకు కట్టిన తువ్వాలులో దోపుకున్నాను. ఇది మా ఉస్తాద్ యాకూబ్ సాబ్ నేర్పిన పద్ధతి. ప్లగ్గు మన ఒంటి మీద ఉంటే, మన చెయ్యి మెషిన్ లోపల ఉండగా ఇంకొకరు తెలియక కరెంటు పెట్టలేరు.

ఆయన నేర్పిన రెండోది బల్బు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. చెయ్యి తగిలితే ప్రాణం పోవచ్చు. అందుకని హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన పాతకాలపు బల్బును వాటికి ఆనిస్తాం. నిలవ ఉంటే బల్బు ఒకసారి వెలిగి ఆరిపోతుంది, ఆ కరెంటు దిగిపోతుంది. అయితే ముందుగా ఆ బల్బు పనిచేస్తోందో లేదో నడిచే కరెంటు మీద చూసుకోవాలి. ఉస్తాద్ దీన్ని నాకు తిట్టి తిట్టి నేర్పాడు.

ఆ రోజు నేను చూసుకోలేదు. చూడాలంటే జనరేటర్ మళ్లీ నడపాలి, రెండు నిమిషాల పని. వోల్టులు కొలిచే మీటర్ సంచి అడుగున ఉంది. నా కళ్లలో ఆ పిల్లలే మెదులుతున్నారు. తప్పు నాదే.

మూత తీసి బల్బు వైర్లు ఆనించాను. వెలగలేదు. లోపల కరెంటు లేదనుకుని, బల్బును పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో పెట్టి, బోర్డు స్క్రూల వైపు చెయ్యి చాపాను.

కుర్చీలో బల్బు వెలిగింది.

దాని వైర్లు రెండూ కుర్చీ అంచు నుంచి గాల్లో వేలాడుతున్నాయి. దేనికీ తగల్లేదు. పట్టపగలు, రేకుల షెడ్డు కింద, పసుపు వెలుతురు. మూడు నాలుగు సెకన్లు ఉండి ఆరిపోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"కరెంటే లేదు గదన్నా. గదేంది గట్ల వెలిగింది?" అన్నాడు వెంకన్న. అతను కూడా చూశాడు కాబట్టే ఇది ధైర్యంగా రాస్తున్నాను.

సంచి మొత్తం కుమ్మరించి మీటర్ తీశాను. కెపాసిటర్ల మీద మూడువందల వోల్టుల పైనే ఉంది. కాసేపు కింద కూర్చున్నాను.

కానీ అక్కడినుంచి వెళ్లిపోవాలని మాత్రం అనిపించలేదు. సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గుకు వైర్లు కట్టి, బల్బుకు బదులు వాటిని ఆనించి ఆ కరెంటును దించాను. మీటర్ సున్నా చూపించాక కూడా మరోసారి చూశాను. ఏ వైరు ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకుని, కాలిన బోర్డు విప్పి కొత్తది బిగించాను. జనరేటర్ నడిపితే మెషిన్ అందుకుంది. చీకటి పడకముందే వెంకన్న స్టాండు కాలు అతికించాడు.

సామాను సర్దుతూ ఆ బల్బును నడుస్తున్న జనరేటర్‌కు పెట్టి చూశాను. వెలగలేదు. వెలుతురుకు ఎత్తి చూస్తే లోపలి తీగ తెగి, రెండు ముక్కలూ దూరదూరంగా వేలాడుతున్నాయి.

తర్వాతి వారం బోనకల్ వెళ్లి ఉస్తాద్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. బల్బును చెవి దగ్గర ఊపి విన్నాడు.

"ముందుగాల కరెంటు మీద చూసినవా దీన్ని?"

"లేదు సాబ్."

తిడతాడనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని, వేళ్లన్నీ ఒక్కొక్కటిగా తడిమాడు. "కొత్తది కొనుక్కోరా. దీన్ని మాత్రం పారెయ్యకు," అన్నాడు.

కారణం కోసం చాలా వెతికాను. తెలిసిన ఇంజనీర్లను అడిగాను. తెగిన తీగ వెలగదనే అందరూ చెప్పారు. అది నాకూ తెలుసు. ఈ ఒక్క లోపం దగ్గర మాత్రం నేను కుర్చీలోంచి లేచిపోయాను.

ఇప్పుడు ప్రతి మెషిన్‌కూ కొత్త బల్బుతో చూస్తాను, మీటర్‌తో చూస్తాను. ఆ తర్వాత పాత బల్బును పక్కన పెట్టుకుని కొంచెంసేపు ఆగుతాను. అది వెలగకపోతేనే లోపల చెయ్యి పెడతాను.