అరవై మూడు పంపుల ఆసామి

ముప్పై మందికి వండిన అన్నం ముందు నూట నలభై మంది వచ్చి నిలబడితే, వాళ్లకూ వంటవాడికీ నడుమ మైకు పట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. పప్పులో పడ్డ బల్లిని చూసినట్టు ఆ వంటవాడు నన్ను చూశాడు. తప్పు అతనిది కాదు, వచ్చినవాళ్లదీ కాదు. తెలివి మరీ ఎక్కువై, కంప్యూటర్ సాక్షిగా, నేను స్వయంగా తెచ్చిపెట్టిన విపత్తు అది.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. దాన్ని పడుచు వయసు అనరు గానీ, అజ్ఞానం విషయంలో నేనింకా పాతికలోనే ఉన్నాను. పద్దెనిమిదేళ్లు మహారాష్ట్ర చంద్రపూర్‌లో ఒక తెలుగు దినపత్రికకు సరిహద్దు విలేకరిగా పనిచేసి, మానేసి, కొత్తగా కంప్యూటర్లో లెక్కల పట్టికలు చదవడం నేర్చుకున్నాను. కోతికి కొబ్బరికాయ, నాకు ఎక్సెల్ షీటు ఒకే ముహూర్తాన దొరికినట్టున్నాయి. కోతి దాన్ని పగలగొట్టి తిని ఊరుకునేది. నేను నలుగురికీ పాఠం చెప్పడం మొదలుపెట్టాను. అమ్మకాల సిబ్బందికి శిక్షణ ఇస్తానని కార్డులు కూడా అచ్చేయించాను.

మొదటి పెద్ద బేరం కిషన్ సేఠ్‌ది. ఆయనకు బజారులో పొలం సామాన్ల దుకాణం: పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపులు, తాడిపత్రీలనే టార్పాలిన్ పట్టాలు, పైపులు. ఊళ్లు తిరిగి అమ్మేవాళ్లు ఆరుగురు.

"పత్రకార్ సాబ్, మా పోరగాళ్లకు అంకెలు రావు, కంప్యూటర్‌కు మనుషులు తెల్వదు. రెండింటికి జర లగ్గం జెయ్యుండ్రి" అన్నాడు సేఠ్.

ఒప్పుకున్నాను. శని, ఆదివారాలు ఒక హాలు మాట్లాడి, "అంకె అబద్ధమాడదు" అని బ్యానరు కట్టించాను. శుక్రవారం పొద్దున దుకాణానికి వెళ్లి, కంప్యూటర్ దగ్గర కూర్చునే స్వాతిని ఏడాది అమ్మకాల జాబితా అడిగాను. నా కొబ్బరికాయ ఆ జాబితాలో ఉంది.

జివతి గుట్టల రూటు మొత్తంలో పంపులు కొన్నది ఒకే ఒక్క మనిషి. పేరు మారుతి, దాని పక్కన ఒక ఫోన్ నంబరు. ఏడాదిలో అరవై మూడు పంపులు.

"సార్, ఒక్క మనిషికి అరవై మూడు పంపులెందుకు? వీపు ఒక్కటే ఉంటది గద" అంది స్వాతి.

"పెద్ద రైతు అయి ఉంటాడమ్మా. కూలీలు ఉంటారు."

"గా గుట్టల మీద గంత పెద్ద రైతా? మా మామ ఆడనే ఉంటడు సార్. ఎన్నడు చెప్పలే."

"స్వాతీ, మీ మామ చెప్పేది అభిప్రాయం. ఇది డేటా. అయినా ఆ గుట్టలు నేను ఎక్కనివా?"

ఎక్కినవే. వార్త కోసం ఎన్నోసార్లు ఎక్కాను. పత్రికలో చేరిన కుర్రాళ్లకు నేనే చెప్పేవాణ్ని, ఏ సంగతైనా ఇద్దరిని అడిగాకే రాయండని. ఆ రోజు మాత్రం ఒకే కాగితాన్ని రెండుసార్లు చదివి, ఇద్దరిని అడిగినంత ధీమా తెచ్చుకున్నాను.

అక్కడికక్కడే రెండు సిఫారసులు రాశాను. ఒకటి: ఆదివారం మధ్యాహ్న భోజనంలో మారుతి గారికి "ఉత్తమ కస్టమర్" షీల్డు ఇచ్చి సత్కరించాలి. రెండు: ఒక్క కస్టమర్ కోసం వారానికి మూడు రోజులు ఒక మనిషి గుట్ట ఎక్కడం దండగ, ఫోన్ చాలు, రూటు మూసేయాలి.

ఆ ఎక్కే మనిషి పోశన్న. రాజురా దగ్గరి పల్లెటూరివాడు, యాభై దాటాడు, సేఠ్ దగ్గర ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. జేబులో ఎప్పుడూ ఒక పాత తంబాకు డబ్బా ఉంటుంది. అందులో తంబాకు ఉండదు. పంపు నాజిళ్లు, వాషర్లు ఉంటాయి.

సేఠ్ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "దుర్గాపూర్ రూటుల గూడ మనుషులు ఎక్కువైండ్రు, ఆడ జాగ లేదు. గీ రూటు బంద్ జేస్తే పోశన్నను ఇంటికి తోలుడే. పక్కానా సాబ్?"

"అంకె ఉంది కదా సేఠ్."

"సరే. ఆదివారం అన్నాలైనంక చెప్త."

సేఠ్ చాయ్ తెప్పించాడు. పోశన్న సంగతి మళ్లీ అడగకుండా తాగేశాను. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, జరిగింది అంతే.

శనివారం శిక్షణలో పోశన్ననే ముందు లేపాను.

"పోశన్నా, మీ రూటులో కస్టమర్లు ఎందరు?"

"లెక్క వెట్టలే సార్. ఊరికి నలుగురైదుగురు ఉంటరు."

"షీటులో ఒక్కరే ఉన్నారు."

"షీటు గుట్ట ఎక్కిందా సార్?"

మిగతా అయిదుగురూ నవ్వారు. నేను చిరునవ్వుతో సహించాను. శిక్షకుడికి సహనం ముఖ్యమని నా స్లయిడులోనే ఉంది.

"గా కంప్యూటర్ల పది అంకెల నంబరు వెయ్యకుంటే బిల్లు రాదు సార్, గందుకే మేం..."

"ప్రశ్నలు చివర్లో, పోశన్నా."

కూర్చున్నాడు. తర్వాతి స్లయిడు పేరు "వినడం ఒక కళ".

సాయంత్రం స్వాతి వచ్చింది. "మారుతికి ఫోన్ జేసిన సార్. 'ఎవరి కోసం' అని అడిగిండు. పంపు తీసుకున్నాయన కోసం, ఉత్తమ కస్టమర్ సత్కారం, ఇంటోళ్లతోని భోజనానికి రమ్మన్న. 'అందరికి చెప్త' అన్నడు."

"కుటుంబంలో అందరికీ అన్నమాట. ఎంత మర్యాదో చూశావా" అన్నాను.

చదువరులారా, మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మీరు ఎక్సెల్ నేర్చుకోలేదు కనుక.

ఆదివారం పన్నెండున్నరకు "కస్టమర్ మనసు తెలుసుకోవడం" అనే స్లయిడు మీద ఉన్నాను. బయట హారన్లు మోగాయి. నాలుగు టెంపోలు, రెండు జీపులు. దిగుతున్నారు, దిగుతూనే ఉన్నారు. ఆడవాళ్లు, పిల్లలు, తలపాగాల ముసలివాళ్లు. మగవాళ్లలో సగం మంది వీపులకు మందు కొట్టే పంపులున్నాయి. హాలు మీదికి చీడ పట్టిందని ఎవరో కబురు పెట్టినట్టుగా ఉంది ఆ దృశ్యం.

ముందున్న ముసలాయన నా దగ్గరికొచ్చి చేయి కలిపాడు. "మంచి కస్టమర్ అంటే నేనే సార్."

"నేను గూడ" అన్నాడు వెనకాయన.

"మా ఆయనకు చాతగాలే, గందుకే నేనొచ్చిన. షీల్డు నాకిస్తరా?" అంది ఇంకొకామె.

అందరి వెనక ఒక సన్నపాటి మనిషి తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. "అరవై మూడు మందిల ఇద్దరు రాలే సార్. ఒకాయన ఇంటికి అల్లుడొచ్చిండు, ఒకాయనకు జరం. మిగిలినోళ్లకు పేరు పేరున చెప్పిన. నేనే మారుతిని."

"మీకు పొలం ఎంత?" అన్నాను.

"పొలమా? ఇంటి ముంగట మిరపచెట్టు గూడ లేదు సార్. ఘాట్ మలుపు కాడ చాయ్ హోటల్ నాది. మా దిక్కు గా ఒక్క జాగలనే ఫోన్‌కు టవర్ దొరుకుతది. గందుకే చుట్టూ ఊర్లోళ్లందరు నా నంబరే ఇస్తరు. బ్యాంకోళ్లు, దవాఖానోళ్లు, పిల్లను చూడనీకె వచ్చేటోళ్లు, అందరు నాకే జేస్తరు. నేను మనిషిని తోలి చెప్పిపిస్త."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. పొలం లేదు, పంట లేదు, ఆసామికి పంపులు అరవై మూడు. మొదటి బిల్లుకు ఆ నంబరు కింద మారుతి పేరు ఎక్కింది; ఆ తర్వాత ఎవరు కొన్నా, నంబరు కొట్టగానే కంప్యూటర్ అదే పేరు తెచ్చిపెట్టింది.

"గదే నిన్న చెప్పబోయిన సార్" అన్నాడు పోశన్న నెమ్మదిగా. "చివర్ల అడుగుమన్నరు. చివర అయిందా?"

సేఠ్ వంటవాడి దగ్గరికి పరుగెత్తాడు. పప్పులో నీళ్లు, నీళ్లలో పప్పు ఒకదాన్నొకటి వెతుక్కునే స్థితికి వచ్చాయి. హోటళ్ల నుంచి పూరీలు తెప్పించారు. ఈలోగా పోశన్న హాలు మెట్ల మీద కూర్చుని తంబాకు డబ్బా తెరిచాడు. పంపులు వరుస కట్టాయి.

"గీ నాజిల్ నోట్లవెట్టి ఊదినవా మళ్ల? మందు ఉంటది, సస్తవ్ అని చెప్పలే?"

"మరిచిపోయిన పోశన్న."

"నీ బిడ్డ నర్సు చదువుకు సీటొచ్చిందా?"

"వచ్చింది. గందుకే కొత్త పంపు ఇప్పుడు కొన."

"వద్దు తీ. గీ వాషరేస్తే ఇంకో రెండేండ్లు నడుస్తది."

అమ్మకం వదులుకుంటున్నాడని నాలోని శిక్షకుడు ఉలిక్కిపడ్డాడు. పక్కనే నిలబడ్డ ఆ రైతు తమ్ముడు మాత్రం, అన్నకు జరిగిన మర్యాద చూసి, "నాకొకటి కొత్తది రాస్కో" అన్నాడు. మిగతా అయిదుగురు సేల్స్‌మెన్లు ఎప్పుడు లేచారో లేచి, మెట్ల మీద పోశన్న చుట్టూ కూర్చున్నారు. హాల్లో నేను, ప్రొజెక్టరు, బ్యానరు మిగిలాం.

బ్యానరు వైపు చూశాను. నిజానికి అది తప్పు కాదు. అంకె అబద్ధమాడలేదు. ఈ నంబరు మీద అరవై మూడు పంపులు పోయాయని చెప్పిందంతే. 'ఒక్క మనిషి' అన్న మాట నేను కలిపాను. పత్రికలో అయితే ఇలా సొంతంగా కలిపినవాడికి మర్నాడే సవరణ వేయించేవాణ్ని.

పోశన్న దగ్గరికి వెళ్లాను. "పోశన్నా, నీ రూటు మూసేయమని నేనే రాసిచ్చాను."

"ఎరికే సార్. స్వాతి నిన్ననే చెప్పింది."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"నా మాటకు సబూత్, రుజువు ఏముంది సార్. మారుతికి ఫోన్ జేస్తే, అందరు వస్తుండ్రని తెల్సింది. మనుషులే చెప్తరు తీ అనుకున్న. ఎట్లనన్న వస్తుండ్రు గదా, పంపులు గూడ తెమ్మన్న." డబ్బా మూతలో మరో వాషర్ కోసం వెతుకుతూ అన్నాడు, తల ఎత్తకుండా. వరుసలో తర్వాతి పంపు అందుకున్నాడు.

సేఠ్ వచ్చి నా ముందు చేయి చాపాడు. "పత్రకార్ సాబ్, మీ కాగితం ఇటియ్యుండ్రి." ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న వడ్డన బల్ల కాలు కింద దోపాడు. బల్ల నిలబడింది. "పోశన్న, సోమవారం గుట్ట మీదికి ఇంకొకణ్ని గూడ తీస్కపో. నేర్పియ్యి" అన్నాడు. నా నివేదిక వల్ల ఎవరికైనా ఉపయోగం కలిగిందంటే అది ఆ బల్లకే.

షీల్డు మిగిలిపోయింది. అరవై ఒక్క మందీ ఏకగ్రీవంగా మారుతికే ఇమ్మన్నారు. నేను అందిస్తుంటే అతను నా మొహంలోకి తేరిపార చూశాడు.

"మీరు పేపర్ సార్ గాదు? వానల్ల నా హోటల్ల కూసొని ఫోన్ల వార్తలు చెప్తుంటిరి. నా నంబరే ఇచ్చిండ్రి గద మీ ఆఫీసుకు. మీరు లేనప్పుడు మీ ఎడిటర్ సాబ్ నాకే ఫోన్ జేసి తిడుతుండె. 'వార్త ఏది, మనిషి ఏడ చచ్చిండు' అని. నేనే విని మీకు చెప్తుంటి."

నేను అతన్ని ఎప్పుడూ "చాయ్ అన్న" అనే పిలిచాను. అన్నేళ్లలో పేరు అడగలేదు, మొహం సరిగా చూడలేదు; ఇందాక ఘాట్ మలుపు అన్నప్పుడైనా తట్టలేదు. ఆ నంబరు ఎన్నడూ నేను కొట్టి చూసిందీ లేదు. నాకోసం కొట్టేది ఆఫీసువాళ్లు. వాళ్ల జాబితాలో నా పేరు పక్కన ఉన్నది మారుతి నంబరే. నాలాంటి శిక్షకుడెవడైనా ఆ జాబితా చూసి ఉంటే, ఘాట్ మలుపు చాయ్ హోటల్ ఆయనకు ఉత్తమ విలేకరి షీల్డు ఇచ్చి, నన్ను ఇంటికి పంపించేవాడు. అదీ న్యాయమేనేమో.

ఆ షీల్డు ఇప్పటికీ అతని హోటల్లో పాలగిన్నె పైన వేలాడుతోంది. దాని కింద కూర్చుని చాయ్ తాగడం నాకు పడిన శిక్ష. ఏడాదికి రెండుసార్లు అనుభవిస్తాను.

కనుక చంద్రపూర్ మే నెల ఎండ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: అవతలి నుంచి ఎవరో ఒకరు "హలో, ఎవరు గావాలె" అని అడిగేదాకా ఏ నంబరునూ మనిషి అనను. ఏ రూటులోనైనా చాయ్ తాగకుండా ఆ రూటు గురించి ఒక్క ముక్క రాయను. మాట తప్పితే నాకు ఫోన్ చేసి తిట్టండి. నేను గుట్ట మీద ఉంటే మారుతి ఎత్తుతాడు. మొహమాటపడకుండా అతనికే చెప్పండి. అక్షరం పొల్లుపోకుండా తిట్లు నాకు అందుతాయి.