మొన్ బాగాలేక సెలవు

ఆ రోజుల్లో మనిషికి రాదగ్గ జబ్బులు నా లెక్కలో మూడే: జ్వరం, కడుపునొప్పి, నడుంనొప్పి. వీటిలో ఒక్కటీ లేకుండా పనికి రానివాడు బద్ధకస్తుడని నా గట్టి నమ్మకం. ఇరవై ఒక్కేళ్ళప్పుడు నమ్మకాలు చాలా గట్టిగా ఉంటాయి (జుట్టు కూడా). సూరత్‌లో చీరల మీద చేత్తో జరీ కుట్టే ఒక కార్ఖానాలో అప్పుడే సూపర్‌వైజర్‌గా చేరాను. అదే ఊళ్ళో, గోడాదరా పేటలో, మగ్గాల మధ్య నిలబడి బతికిన మా బాపు కొడుకుకు కుర్చీ దొరకడం చిన్న విషయం కాదు. మూడు నెలలు ఒక్క నాగా లేకుండా వస్తే ఉద్యోగం పక్కా చేస్తానని సేఠ్ మాటిచ్చాడు. ఇంకా పది రోజులే మిగిలాయి. ఆ ఊపులో, వచ్చే గురువారం జగిత్యాల దగ్గర మా ఊళ్ళో జరిగే చెల్లె పెళ్ళికి కూడా రాలేనని ఇంట్లో చెప్పేశాను. సెలవు ఇవ్వరన్నాను. నిజానికి నేను అడగనే లేదు.

నా చేతికింద ఎనిమిది మంది బెంగాలీ పనివాళ్ళు ఉండేవారు. వాళ్ళలో పెద్దాయనను అందరూ దాదా అనేవారు. ఆయన కుట్టిన నెమలిని చూస్తే చీర కట్టుకునేవాళ్ళ మీద నాకు అసూయ కలిగేది. ఒకరోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి మర్నాడు సెలవు కావాలన్నాడు. ఎందుకని అడిగితే "మొన్ ఖారాప్" అన్నాడు. మొన్ అంటే వాళ్ళ భాషలో మనసు. అది బాగాలేదట. ముఖంలో సిగ్గు లేదు, నాటకం లేదు. జలుబు చేసిందని మనం చెప్పినట్టే చెప్పాడు. "మొన్‌కు సెలవు లేదు. జ్వరమని చెప్పండి, రాసుకుంటాను" అన్నాను హిందీలో. "జ్వరం లేదు కదా, బాబూ" అన్నాడు దాదా. అబద్ధమాడమని నేను బతిమాలడం, కుదరదని ఆయన అనడం కాసేపు సాగింది. చివరికి సెలవు లేకుండానే తన చోటికి వెళ్ళి కూర్చుని, ఆ పూటంతా కలిపి చీర మీద ఒక్క ఆకు కుట్టాడు.

సాయంత్రం అన్నం తింటూ ఈ సంగతి బాపుతో చెప్పాను. "ఏందిరా, మనసుకు సుత చుట్టీయా?" అని బాపు పెద్దగా నవ్వాడు. తర్వాత పచ్చడి కలుపుకుంటూ, "ముప్పై ఏండ్ల సంది మగ్గం నడుపుతున్న. గిట్ల చెప్పొచ్చని నాకెవ్వడు చెప్పలే" అన్నాడు. అప్పుడది నాకు జోకులాగే వినబడింది.

మర్నాడు కొత్త నియమం పెట్టాను. మొన్ బాగాలేనివాళ్ళను ముందు నేను పరీక్షిస్తాను, నిజమని తేలితేనే సెలవు. దాంతో నోరు మూస్తారనుకున్నాను. భోజనాల వేళకు నలుగురు వరసలో నిలబడ్డారు. నాకు తెలిసిన వైద్యం కడుపునొప్పిదే కాబట్టి ఆ ప్రశ్నలే వేశాను: "ఎప్పటినుంచి? తిన్నాక ఎక్కువవుతుందా, తినకముందా?" మొదటివాడు బాగా ఆలోచించి, చేప తిన్నాక ఎక్కువవుతుందన్నాడు. ఇక్కడి చేపకు వాళ్ళ చెరువు వాసన లేదట. ఇంకొకడికి కూతురు ఫోన్‌లో తనను పరాయివాణ్ణి అన్నట్టు "మీరు" అన్నప్పటినుంచి బాగాలేదట. సెలవుల పుస్తకంలో కారణం గడి చిన్నది. నేను అంచుల్లో కూడా రాశాను.

చివర దాదా వచ్చాడు. ఆయనను నేను పరీక్షించేలోపే స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, "బాబూ, మీ మొన్ ఎలా ఉంది?" అన్నాడు. జీతం, సంబంధాలు, బరువు, అన్నీ అడిగినవాళ్ళున్నారు గానీ ఇది నన్ను ఎవరూ అడగలేదు. "ఫస్ట్ క్లాస్" అన్నాను. ఆయన ఏమీ అనకుండా ఎదురుచూశాడు. గురువారం చెల్లె పెళ్ళని, నేను వెళ్ళడం లేదని, పనివాళ్ళందరి ముందు ముక్కు చీదుతూ చెప్పాను. "తినకముందా, తిన్నాకా?" అని వెనకనుంచి ఎవడో అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దాదా మాత్రం నవ్వకుండా పుస్తకం నా వైపు జరిపాడు.

నాలుగు రోజుల సెలవు రాసుకున్నాను. కారణం గడిలో "మనసు బాగాలేదు" అని ధైర్యంగా రాశాను, కాకపోతే తెలుగులో. సేఠ్ కళ్ళజోడు సవరించుకుని ఇదేమిటని అడిగితే, కడుపునొప్పి అని చదివి వినిపించాను. నా ఉద్యోగం పక్కా కావడానికి మళ్ళీ మొదటినుంచి మూడు నెలలు పట్టింది. పెళ్ళిలో నన్ను చూసి చెల్లె "సెలవు ఇయ్యరంటివి కదనే, అన్నా!" అంటూ నా భుజం మీద గట్టిగా కొట్టింది. ఆ దెబ్బ కోసం ఇంకో మూడు నెలలైనా ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు సూరత్ దగ్గరే పల్సానాలో ఒక పెద్ద యూనిట్‌కు నేను మేనేజర్ని. సెలవులన్నీ ఫోన్‌లోనే. కారణాల వరసలో మనసును కూడా చేర్పించాను. పనివాళ్ళు మొహమాటం లేకుండా నొక్కుతారు, నేను ప్రశ్నలు వేయకుండా ఇస్తాను. మొన్న, బాపు పోయి ఏడాది అయిన రోజున, నాకూ పనికి వెళ్ళబుద్ధి కాలేదు. ఫోన్ తీసి, ఆ వరసంతా ఒకసారి చూసి, కడుపునొప్పి నొక్కాను. ఇంట్లోనూ అదే చెప్పాను. మా ఆవిడ గ్లాసుతో వాము నీళ్ళు తెచ్చి, పక్కన కూర్చుని, ఏమీ అనకుండా ఎదురుచూసింది.