క్లిక్ అయిందా బిడ్డా?

ఆ రోజుల్లో మా బాపుకు వచ్చిన ఇంగ్లిషంతా కలిపితే ఒక్కటే మాట, క్లిక్. శంషాబాద్ పక్కన ఆకుకూరలు పండించుకునే మనిషికి అంతకంటే ఎందుకని ఆయన ధీమా. పెళ్లిలో ఫొటోగ్రాఫర్ కనబడితే ఒక క్లిక్ కొట్టమనేవాడు, ఇంటర్‌నెట్ సెంటర్‌కు పోతే పొలం పహాణీ నకలు జర క్లిక్ చేసియ్యమనేవాడు. బోరు మోటారు బటన్ నొక్కగానే క్లిక్‌మనాలి, అనకపోతే ఆ పూట ఇంట్లో ఎవరం ఆయన జోలికి పోయేవాళ్లం కాదు. కొత్తిమీర వేస్తే క్లిక్ అయ్యేది, మేనత్త కూతురి సంబంధం క్లిక్ కాలేదు (ఆ పెళ్లికొడుక్కి మా మేనత్త చేసిన పకోడీ కూడా క్లిక్ కాలేదని తర్వాత తెలిసింది). లేచి నిలబడితే మోకాలు క్లిక్‌మంటోందని నాయినమ్మను దవాఖానకు తీసుకుపోయి, డాక్టరుకు కూడా అదే మాటతో రోగం వివరించాడు. డాక్టరుకు అర్థమైంది కూడా!

డిగ్రీ అయ్యాక నేను ఉద్యోగాల కోసం తిరగడం మొదలుపెడితే, సాయంత్రం గడప తొక్కేసరికి మంచం మీది నుంచి అదే ప్రశ్న వచ్చేది, "క్లిక్ అయిందా బిడ్డా?" అని. కాలే బాపు అంటే, ఇగ వాళ్ల కర్మ అని అటు తిరిగి పడుకునేవాడు. తప్పు నాదని ఒక్కనాడూ అనలేదు. అందుకే మరీ బాధగా ఉండేది.

చివరికి విమానాల్లో పనిచేసే అమ్మాయిల శిక్షణలో చోటు దొరికింది. రోజూ మా తోట మీదుగా పోయే విమానంలో మా పిల్ల నిలబడుతుందని ఇల్లంతా సంబరం. కానీ సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో ప్రయాణికులకు చూపించే పాఠం దగ్గర నా బండి ఆగిపోయింది. నలుగురు నా వైపు చూస్తే చాలు, చేతులు బిగుసుకుపోయేవి. రెండుసార్లు అలాగే అయ్యాక శిక్షణ ఇచ్చే మేడమ్, సోమవారం పరీక్షలో కూడా ఇలాగే నిలబడితే పంపించేయాల్సి వస్తుందమ్మా అని మెత్తగానే చెప్పారు. ఇంటికొచ్చి ఏడుపు ఆపుకుంటూ ఆ మాట చెప్పాను.

బాపు బండేసుకుని ఆరాంఘర్ దాకా పోయి, పాత సామాను దుకాణంలో ఏదో కారు నుంచి పీకిన బెల్టొకటి తెచ్చాడు. ట్రాక్టరు ట్రాలీ కడిగి అందులో ప్లాస్టిక్ కుర్చీలు వరుసగా వేశాడు. అమ్మ, నాయినమ్మ, పక్కింటి పెద్దమ్మ ఎక్కి కూర్చున్నారు (పెద్దమ్మ వెంట ఆమె కోడి కూడా). ముందు నేను, చేతిలో బెల్టు. నేను నోరు తెరవగానే మా బాపు ఫోన్ చెవిన పెట్టుకుని పాలకూర ధర గురించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అది అయ్యాక గురక పెట్టాడు. గురక మధ్యలో కళ్లు తెరిచి ఉప్మా ఎప్పుడిస్తరని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. నువ్వే వినకపోతే ఎట్ల బాపు అని అరిచేశాను.

"విననోళ్లకే చెప్పుడు నేర్చుకో బిడ్డా. వినేటోళ్లకు ఎవరైనా చెప్తరు," అన్నాడు, మళ్లీ కళ్లు మూసుకుని.

ఆదివారం పొద్దు గుంకేదాకా చెప్పాను. నాయినమ్మ మాత్రం బుద్ధిగా విని, బెల్టు పెట్టి తీసి, పెట్టి తీసి, ఆ చప్పుడుకు మురిసిపోయింది.

సోమవారం పరీక్షలో చేతులు బిగుసుకోలేదు. వేరే చిక్కు వచ్చిపడింది. మేము సాధన చేసింది కారు బెల్టు మీద కదా, అలవాటుకొద్దీ నా బొటనవేలు ఎర్ర బటన్ కోసం వెతికింది. విమానం బెల్టుకు బటన్ ఉండదు, మూత పైకి లేపాలి. నొక్కుతున్నాను, ఊడదు. తోటివాళ్లు కిసుక్కున నవ్వారు. పాత నేనైతే అక్కడే కూలబడేదాన్ని. కానీ గురకను, కోడిని, ఉప్మాను తట్టుకుని వచ్చిన మనిషిని! నవ్వి, కారు అలవాటుతో చాలామంది ఇలాగే నొక్కుతుంటారు, ఇక్కడ మాత్రం మూత ఇలా లేపాలి అంటూ తెరిచి చూపించాను. ప్రయాణికుల తప్పు ముందే ఊహించి చెప్పిందని మేడమ్ మెచ్చుకున్నారు. (నేనేమీ సరిదిద్దలేదు.)

బయటికొచ్చి ఫోన్ చేస్తే మామూలు ప్రశ్నే. అయింది బాపు, బటన్ లేకున్నా అయింది, అని జరిగిందంతా చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేయడం మరిచి, "మా బిడ్డది క్లిక్ అయింది!" అని వాడంతా వినబడేలా అరవడం నా చెవిన పడింది.

ఇప్పుడు కొత్త పిల్లలకు ఆ పాఠం నేర్పేది నేనే. ఈ మధ్యనే బాపు మొదటిసారి విమానమెక్కాడు, తిరుపతికి, నేను పనిచేసే విమానంలోనే. కొత్త కండువా వేసుకుని మూడో వరుసలో కూర్చున్నాడు. మైకులో ప్రకటన మొదలైంది, నేను బెల్టు పట్టుకుని ముందు నిలబడ్డాను. ఆయన పక్కనున్న పెద్దమనిషి ఫోన్‌లో మునిగి ఉన్నాడు. బాపు ఆయన మోచేతిని తట్టాడు.

"సార్, జర ఫోన్ బంద్ చెయ్యుండ్రి. నా బిడ్డ చెప్తున్నది."

ట్రాలీలో గురక పెట్టిన మనిషేనా అని ఆయన వైపు చూశాను, అంతే. ఇన్నేళ్ల అనుభవం ఎటు పోయిందో, బెల్టు పట్టుకున్న చేతులు మళ్లీ బిగుసుకుపోయాయి. మూడో వరుస నుంచి మెల్లగా వినిపించింది, "మూత బిడ్డా, మూత లేపు."