గడపకో ఎత్తున పోసిన ఫుట్‌పాత్

ధర్మవరం ఊరి బయట చీరల షాపుల రోడ్డు మీద, ఒక్క షాపు వాడితో గొడవ పడకుండా, ఒక్క కోర్టు కాగితం అందుకోకుండా, ఒక్క జేసీబీని ఎవరి మెట్ల మీదికీ తోలకుండా ఫుట్‌పాత్ వేసిన మొనగాణ్ణి నేనే. నాకంటే ముందు ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి, షాపుల వాళ్ళ అరుపులు విని, టేపులు చుట్టుకొని వెళ్ళిపోయినారు. నేను మాత్రం ఎవరికి ఏది కావాలో వాళ్ళకు అది ఇచ్చి, అందరినీ నవ్వుతూ ఒప్పించి, పైగా వాళ్ళ జేబుల్లోంచే కొంత రాబట్టి పని ముగించినాను. ఆ ఫుట్‌పాత్ మీద ఈ రోజుకీ ఎవరూ నడవరు. ఆ ఘనత కూడా నాదే.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు సంగతి ఇది. నాది హిందూపురం. మా నాయనకు మార్కెట్ దగ్గర స్టీలు సామాన్ల అంగడి ఉండేది. ఇంట్లో కంటే ఆ గల్లాపెట్టె పక్కనే ఎక్కువ పెరిగినాను. చెంబు కోసం వచ్చిన మనిషికి బిందె కూడా అంటగట్టి, తానే లాభపడినానన్న సంతోషంతో ఇంటికి పంపడం పదేళ్ళకే వచ్చేసింది. తర్వాత సివిల్ డిప్లొమా చదివి, పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర చిన్న చిన్న పనులు విడగొట్టి తీసుకోవడం మొదలుపెట్టినాక కూడా నేను కట్టిన ఇళ్ళు సిమెంటు కంటే మాటల మీదే ఎక్కువ నిలబడినాయి.

ఆ రోడ్డు సంగతి చెప్పాలి. పెళ్ళి చీరల కోసం బెంగళూరు నుంచి కార్లలో జనం వస్తారు. ఒక షాపు ముందు దిగుతారు. పక్క షాపు కూడా చూద్దామంటే దారి ఉండదు. ప్రతి షాపు వాడూ మురికి కాలవ మీద బండలు పరిచి మెట్లు కట్టుకున్నాడు. మెట్లకూ మెట్లకూ మధ్య స్కూటర్లు, జనరేటర్లు, చీర కట్టిన బొమ్మలు. వయసైన ఆడవాళ్ళు రోడ్డు మీదికి దిగి లారీల పక్కన నడవాలి. లేదంటే నాలుగు షాపుల అవతలికి పోవడానికి మళ్ళీ కారెక్కాలి. పెద్ద కాంట్రాక్టరు మున్సిపాలిటీ నుంచి తీసుకొని మాకిచ్చిన పని ఇదంతా సరిచేయడానికే. కాలవ మీద స్లాబ్ వేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆరడుగుల వెడల్పున ఒకటే ఎత్తులో నడిచే దారి వేయాలి. రెండు చివరలా ర్యాంప్, అంటే మెట్లు లేని వాలు దారి. షాపులకు వరస నంబర్లు. మలుపుల్లో బాణం గుర్తుల బోర్డులు. కారు ఒకచోట నిలిపి, ఎవరినీ దారి అడక్కుండా అన్ని షాపులూ చూసుకొని వెనక్కి రావాలి.

మొదటి రోజు నేను లెవెల్ చూస్తుంటే, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఒకటి వచ్చి నా పక్కన ఆగింది. అందులో ముప్పై అయిదేళ్ళ మనిషి. పేరు సరోజ. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయినాయి. పట్టుచీర కొంగుకు కుచ్చులు కట్టడం ఆమె పని.

"ఏమన్నా, ఏం కొలుస్తాండావు?"

"దారి వేస్తాండామమ్మా. నడిచేదానికి."

"నడిచేవాళ్ళకేనా, నా బండి కూడా పోతాదా?"

"నీ బండి ముందు పోతాది, మేం నీ ఎనకాల నడుస్తాం."

ఆమె నవ్వింది గానీ వదల్లేదు. బండి ఇంకొంచెం దగ్గరికి తిప్పి తన సంగతి చెప్పింది. ఆమె ఉండేది వెనక సందులో. షాపుల నుంచి చీరలు తెచ్చే మనిషి మధ్యలో తన వాటా తీసుకొని తక్కినది ఈమెకు ఇస్తాడు. ఎవరి చీరకు కడుతోందో ఈమెకు తెలియదు, ఎవరు కట్టినారో కొన్నవాళ్ళకు తెలియదు. కొనేవాళ్ళు చీర ఎంచుకుంటున్నప్పుడే తాను పోయి కుచ్చుల నమూనాలు చూపిస్తే ఆ పని నేరుగా తనకే వస్తుంది. రోడ్డు మీద చివరి గది ఒకటి ఖాళీగా ఉంది. సందులో గది కంటే అద్దె మూడింతలు.

"దారి పడేటట్లుంటే ఆ గది తీసుకుంటా. తీసుకోమంటావా?"

నేను వాలు లెక్క కూడా చెప్పినాను. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవున వాలు ఉండాలి, అప్పుడే బండిలో కూర్చున్న మనిషి ఇంకొకరి సాయం లేకుండా ఎక్కగలదు. "చివర్లలో అట్లా వేస్తాం. ఈడ ఎక్కినావంటే ఆ కొన దాకా చెయ్యి నొప్పి పుట్టకుండా పోతావు. తీసుకో గది," అన్నాను. మరుసటి వారమే ఆమె సామాను ఆ గదిలోకి వచ్చేసింది.

తర్వాత షాపుల వాళ్ళతో మాటలు మొదలైనాయి. ఇక్కడ మా పనిలో ప్లింత్ లెవెల్ అనే మాట ఒకటి ఉంది. రోడ్డు నుంచి షాపు నేల ఎంత ఎత్తులో ఉందో అది. ఆ రోడ్డు మీద ఏ రెండు షాపులకూ అది ఒకటిగా లేదు. పక్కవాడి గడప కంటే మన గడప కిందికి ఉంటే లక్ష్మి అటు జారిపోతుందని ఒక నమ్మకం. అందుకని తర్వాత కట్టిన ప్రతివాడూ ముందువాడికంటే జానెడు ఎత్తు లేపుకుంటూ పోయినాడు. అందరికంటే పాత షాపు చలపతన్నది. అందరికంటే కింద ఉన్నదీ ఆయనదే. దారి ఒకటే ఎత్తులో వేస్తే ఆయన గడప నేలకు అంటుకుంటుంది. పక్కనున్న నాగభూషణం మెట్లు దారికి అడ్డం కాబట్టి షాపు లోపలికి జరపాలి, లోపల స్థలం పోతుంది.

"ఏమప్పా, మా అంగట్లోకి వచ్చేవాళ్ళు గుంతలోకి దిగినట్లుండాల్నా?" అన్నాడు చలపతన్న, నాకు కాఫీ తెప్పిస్తూ. అంగట్లో కాఫీ తెప్పించినారంటే మాట తెగేదాకా లేవనియ్యరని నాకు తెలుసు.

"గుంత ఎందుకైతాదన్నా, దారికి సమానంగా ఉంటాది."

"సమానమంటే గుంతే. పక్కన వాడు మూడు మెట్ల మీద కూర్చోనుంటే నేను సమానంగా ఉండేదేంది?"

అప్పుడు తట్టింది నాకు ఆ తెలివి. స్లాబ్ ఒకే ఎత్తులో వేస్తాను. దాని మీద టైల్స్ కింద పోసే కాంక్రీటు మాత్రం ఏ షాపు ముందు ఆ షాపు నేలకు సరిపోయేంత పోస్తాను. ఎవరి మెట్లూ లోపలికి జరపనక్కర్లేదు. దారే లేచి గడప దగ్గరికి వస్తుంది. ఎక్కువ పోసే కాంక్రీటుకు ఎవరి ఖర్చు వాళ్ళది.

నాగభూషణం అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. అది విని చలపతన్న గ్రానైటు వేయించి నేల లేపుకున్నాడు, "వానికంటే రెండంగుళాలు పైకి పొయ్యి" అన్నాడు. నాగభూషణం ఊరుకుంటాడా. అక్కడి నుంచి అది వేలంపాట అయిపోయింది. సాయంత్రం పూట ఒక్కొక్కరే నాకు ఫోన్ చేసి, పక్కవాడు ఎంత పోయించుకుంటున్నాడని రహస్యంగా అడిగేవాళ్ళు. నేను రహస్యంగానే చెప్పేవాణ్ణి, ఇద్దరికీ. చెప్పిన ప్రతిసారీ నా కాంక్రీటు అమ్ముడుపోయింది. ఇంజనీరు సారు స్లాబ్ లెవెల్ చూసి బాగుందన్నాడు. "పైన టైల్స్ ఒక్కటే మిగిలినాయి సార్," అన్నాను. ఆ మనిషి నిజమే అనుకున్నాడు. ఆఖరి కొలతలు పెద్ద కాంట్రాక్టరు మనుషులు తీసుకున్నారు. కొలిచింది పొడవు.

సరోజ గుర్తు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. ప్రతి షాపు దగ్గరా గుర్తొచ్చింది. కానీ పని ఆపగలిగే శక్తి ఆ షాపుల వాళ్ళకుంది, ఆమెకు లేదు. మా అంగట్లో నేర్చుకున్న విద్యంతా అదే. అవతలి మనిషి లేచి వెళ్ళిపోగలడా లేదా చూసుకొని ధర చెప్పడం. ఆమె ఎక్కడికీ వెళ్ళదు. అందుకని ఆమెది తీసి వీళ్ళకిచ్చినాను. చూసుకుందాంలే, ఎక్కడికక్కడ చిన్న వాలు కొడదాంలే అనుకున్నాను.

దారి తెరిచిన రోజు షామియానా, లడ్లు, దండలు. పెద్దలంతా దాని మీద ఎక్కుతూ, దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ నడిచినారు. ఒక పెద్దాయన పంచె పైకి పట్టుకొని, "ఇదేందబ్బా, కొండెక్కినట్లుండాది," అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. బెంగళూరు నుంచి వచ్చిన ఒకామె నా బోర్డు చూసి, పన్నెండో నంబరు షాపు ఎటో ఇట్టే తెలుసుకొని, రెండు షాపులు దాటేసరికి మోకాలు పట్టుకొని రోడ్డు మీదికి దిగిపోయింది. దారి తెలుస్తోంది, నడవడమే కుదరడం లేదు.

అప్పుడు సరోజ వచ్చింది. కొత్త చీర. బండి ముందు కమ్మీకి రంగు రంగుల కుచ్చుల నమూనాలు వరసగా కట్టుకుంది. చివర ర్యాంప్ బాగానే వేసినాను, సులువుగా ఎక్కింది. మొదటి షాపు దాటింది. రెండోదీ దాటింది. ఆ రెండూ ఒకే ఓనరువి. మూడో షాపు ముందు, మోకాలి దాకా లేచిన అంచు. బండి చక్రం దానికి తగిలి ఆగింది. ఆమె ఒకసారి వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తోసింది. మళ్ళీ తగిలింది. కుచ్చులు ఊగినాయి.

షాపులో పిల్లగాళ్ళు పరుగున వచ్చినారు. "అక్కా, ఎత్తుతాం ఉండు."

"వద్దు నాయనా. ఎత్తించుకునేదానికైతే ఇంత అద్దె కట్టి ఈడికెందుకొస్తా? ఇంటికాడ ఎత్తేవాళ్ళు లేకనా?"

తర్వాత నన్ను చూసింది. "ఇదేందన్నా?"

"కొంచెం పని మిగిలిందమ్మా," అన్నాను.

"ఓ, మిగిలిందా. సరే అయితే." నమ్మినట్లే అంది. బండి తిప్పుకునేంత చోటు లేక, వెనక్కి వెనక్కి తోసుకుంటూ ర్యాంప్ దాకా పోయింది. దండలేసుకున్న పెద్దలు పక్కకు జరిగి దారిచ్చినారు.

ఆ సాయంత్రం హిందూపురం పోతూ పెనుకొండ దగ్గర టీకని బండి ఆపినాను. టీ కొట్టాయన చిల్లర తక్కువిచ్చినాడు. అడగలేదు. నా జీవితంలో చిల్లర అడగని రోజు అదొక్కటే.

మరుసటి వారం చలపతన్న దగ్గరికి పోయి, కాంక్రీటు పగలగొట్టి దారి మళ్ళీ ఒకటే ఎత్తుకు తెస్తాను, నా ఖర్చే అన్నాను. ఈసారి కాఫీ రాలేదు.

"నువ్వే కదప్పా, ఎవరి ముందర వాళ్ళ ఎత్తు అన్నావు? డబ్బులు తీసుకున్నావు, పోసినావు. నేను గ్రానైటు మళ్ళీ పీకించుకోవాల్నా?"

"ఆ కుచ్చులమ్మ బండి పోవడంల్యా అన్నా."

"మా పిల్లోల్లు ఎత్తుతామంటాండారు కదా. వద్దన్నది ఆమె." చీర మడత పెడుతూ, "అయినా ముందు నాగభూషణం పగలగొట్టనీ, నేను ఎనకాల చూస్తా," అన్నాడు.

నాగభూషణం కూడా అదే మాట అన్నాడు, చలపతి పేరు పెట్టి. నాలుగైదు చోట్ల బతిమాలి సిమెంటు వాలు కొట్టినాను. చోటు లేక వాలు నిట్టనిలువుగా వచ్చింది. ఒకసారి సరోజ ఎక్కబోతే బండి వెనక్కి జారింది, వెనక వస్తున్న ఎవరో పట్టుకున్నారు. ఆ తర్వాత ఆమె ప్రయత్నించలేదు. ఉగాది దాటినాక గది ఖాళీ చేసి సందులోకి తిరిగి పోయిందని తెలిసింది. చీరలు మళ్ళీ ఆ మధ్య మనిషే తెచ్చిస్తున్నాడు. ఈమె తనను కాదని రోడ్డు మీదికి పోయిందని కోపం పెట్టుకొని, వాటా పెంచినాడు.

ఒకరోజు ఆ సందులోకి పోయినాను. ఆమె వేళ్ళ మధ్య పట్టుదారం పట్టుకొని ముడులేస్తోంది. నా తప్పేననీ, ఆ గది వల్ల పోయింది నేనిస్తాననీ చెప్పినాను.

"ఎంతిస్తావన్నా?" అంది తల ఎత్తకుండానే.

దారి పొడుగునా లెక్క వేసుకునే వచ్చినాను. అడ్వాన్సులో పట్టుకున్నది, ఎక్కువ కట్టిన అద్దె, తిరిగి రాని పని, అన్నీ కలిపి నలభై వేలు. ఆ మాటే చెప్పాలని వచ్చినాను. నోరు తెరిస్తే, "ఇరవై వేలు," అని వచ్చింది. అవతలి నుంచి ఇంకో మాట వస్తుందని ఆగినాను. వస్తే ముప్పై అందాం, ఆఖరుకు నలభైకి తెగనిద్దాం. ఇదంతా నేను ఆలోచించి చేసింది కాదు, దానంతటదే జరిగిపోయింది.

"సరే అన్నా," అంది ఆమె.

ఇరవై వేలూ లెక్కపెట్టి అక్కడ పెట్టి బయటికొచ్చినాను. నెల తర్వాత తక్కిన ఇరవై తీసుకొని మళ్ళీ పోయినాను. ఆమె కవరు వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"ఆ రోజే బేరం అయిపోయింది కదన్నా. అయిపోయినాక మళ్ళీ ఎందుకు?"

కోపం లేదు ఆ మాటలో. ఉంటే కొంచెం సులువుగా ఉండేది.

తర్వాత హిందూపురం శివార్లలో ఇలాంటి పనే ఒకటి వచ్చింది. ఈసారి ఎవరితోనూ మాట్లాడకముందే ప్రతి షాపు గోడ మీదా ఒకటే ఎత్తున ఎర్ర గీత గీసినాను. రేటు అడగండి, రోజులు అడగండి, గీత గురించి మాత్రం అడగొద్దన్నాను. "దుడ్లు పోసి గుంత తవ్విస్తాండావే," అని తిట్టినారు. మా నాయన పాత స్నేహితుడు ఒకాయన నాతో మాటలు మానేసినాడు. పని ఆలస్యమై లాభం దాదాపు మిగల్లేదు. దారి మాత్రం ఒకటే ఎత్తులో ఉంది, ముసలివాళ్ళు నడుస్తున్నారు. నేర్చుకున్నది ఇదే. నడిచే దారి ఎత్తు దాని మీద నడిచే వాళ్ళది. దాన్ని గడపల వాళ్ళతో బేరమాడే హక్కు నాకు లేదు, వాళ్ళకూ లేదు. అయితే ఈ తెలివి వల్ల ధర్మవరంలో సరోజ బండి ఒక్క అంగుళం కూడా ముందుకు కదల్లేదు.

ఇక ఆ ధర్మవరం పని ఆఖరి లెక్క. పొడవు కొలిచి ఇచ్చిన బిల్లు పూర్తిగా ముట్టింది. ఎత్తుల కోసమని షాపుల వాళ్ళు ఇచ్చింది దాని మీద అదనం. సిమెంటు, టైల్స్, కూలీ, తర్వాత కొట్టిన పనికిరాని వాలులు, అన్నీ పోగా మిగిలిన దాంతో ఒక పాత కారు కొన్నాను. సరోజకు పోయింది, నా లెక్క ప్రకారమే, నలభై వేలు. నేను చెల్లించింది ఇరవై. తక్కిన ఇరవై నా లాభంలోనే కలిసిపోయి ఉంది.